చల్లిన మందు ఎచ్చటికి పోయినది?



గిద్దలూరు ప్రాంతమునుండి ఒక సోదరి మన శీర్షికకు వ్రాసిన లేఖలో ఒక ప్రశ్న యున్నది. వారింట ఏటేట మాఘ ఫాల్గుణములలో సంవత్సరమునకు సరిపడు ఎండుమిరప కొని, తొడిమలు తీసి, కారము కొట్టించి జాడీల కెత్తుకొందురట. ఈ యేడు కాయ తెచ్చిన రైతును “మందు ఎన్నిమారులు కొట్టితివి నాయనా?” అని యామె యడుగగా, అతడు దాపరికము లేక లెక్క చెప్పి, “అయినను భయము లేదమ్మా, పదునైదు దినములకు మందు పోవును” అనెనట. “పోవుట యనగా ఎచ్చటికి పోవుట? నశించునా, లేక మరియొక చోటికి చేరునా?” అని ఆ సోదరి ప్రశ్న.

ప్రశ్న చిన్నది. దీనికి సమాధానము వెదకుటలో రసాయన శాస్త్రజ్ఞులు అరువదియేండ్లకు పైగా గడపిరి. వారు పట్టిన దారి మన వంటయింటికి మిక్కిలి దగ్గరగా మొదలైనది గనుక, ఈ మాసము దానిని గూర్చియే ముచ్చటింతము.

మార్కాపురము, గిద్దలూరు, కంభము, యర్రగొండపాలెము ప్రాంతములు నల్లమల అంచున నున్నవి. 1970 వరకు ఇవి కర్నూలు జిల్లాలోనివి. పిమ్మట ప్రకాశము జిల్లాలో చేరినవి. వాన తక్కువ. కంభము చెరువు క్రిందివారును, నీరుపడిన బోరున్నవారును తప్ప తక్కినవారెల్లరు ఆకాశమువంక చూచువారే. కంది, ప్రత్తి, మిరప, శనగ వీరి ముఖ్యమైన పైరులు. వీనిలో ప్రత్తికిని మిరపకును పురుగుమందు హెచ్చుగా పట్టును. 2021–22లో త్రిప్స్ పార్విస్పైనస్ అను నల్లతామర పురుగు ఆంధ్ర తెలంగాణముల మిరపతోటలపై బడి పూతను పీల్చివేసినప్పుడు, రైతు లొక మందు పనిచేయకున్న మరియొకటి, అదియు చాలకున్న రెండు మూడు కలిపి, మరల మరల కొట్టిరి. అప్పు తెచ్చి కొట్టిన మందది. అందులకు రైతును నిందించుట నా యుద్దేశము కాదు. చేను కన్నులయెదుట మాడిపోవుచుండగా చేతులు ముడుచుకొని కూర్చుండు వాడెవడు? కాని ఆ మందంతయు ఏదో యొకచోటికి చేరియుండవలెను గదా!

మిరపకాయను పరీక్షాశాలకు పంపినచో, క్రొమటోగ్రాఫు, మాస్ స్పెక్ట్రోమీటరు అను యంత్రముల సాయమున, కిలో కాయలో ఫలానా మందు ఇన్ని మిల్లిగ్రాములున్నదని చెప్పుదురు. కిలోకు ఒక మిల్లిగ్రామనగా పది క్వింటాళ్ళ కాయలో ఒక్క గ్రాము. రెండు చిటికెల ఉప్పంత. అంత స్వల్పమైన దానిని సైతము పట్టగల యంత్రములివి. ఏ మందు ఏ పంటలో ఎంతకు మించరాదో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ నిర్ణయించి యుంచినది. ఎగుమతి చేయు మిరపను విదేశములవారు తమ ప్రమాణములతో మరల పరీక్షింతురు. ఇదంతయు అవసరమే. అయినను ఈ పరీక్ష ఉన్నదెంతయో చెప్పునే గాని, లేనిది ఏమైనదో చెప్పదు.

ఉట్టిమీది కుండలో పాలు తగ్గినవనుకొనుడు. పిల్లి త్రాగియుండవచ్చును, పిల్లవాడు త్రాగియుండవచ్చును, కుండకు బీటవారి కారియుండవచ్చును, లేక పెద్దకోడలు తోడు పెట్టియుండవచ్చును. కుండను కొలిచినంత మాత్రమున ఇందులో ఏది జరిగినదో తెలియదు. మిరపతోటలో మందును అట్లే. ఎండకు విరిగిపోవును, నేలలోని సూక్ష్మజీవులు దానిని విరుచును, కొంత ఆవిరియై గాలిలో కలియును, కొంత వానకు కొట్టుకొని వాగులో పడును, కొంత మట్టి కంటుకొని కదలక కూర్చుండును. విరిగినదంతయు మేలే యనుటకును వీలులేదు. డి.డి.టి. విరిగిన డి.డి.ఇ. అనునదగును, అది తల్లికన్న మొండిది. ఎండోసల్ఫాను విరిగిన ఎండోసల్ఫాను సల్ఫేటగును; విషములో అది మూలపదార్థమునకు తీసిపోదు, నిలువలో దానిని మించును.

పాలకుండ తగవును తీర్చు ఉపాయమును మొదట కనిపెట్టినవాడు హంగేరీ దేశస్థుడైన జార్జి డి హెవెషీ. 1911 ప్రాంతమున ఈయన మాంచెస్టరులో రూథర్‌ఫర్డు ఆచార్యునియొద్ద పని నేర్చుకొనుచు, ఒక పూటకూళ్ళమ్మ యింట భోజనము చేయుచుండెను. ఒకనాడు మిగిలిన మాంసమే మరునాడును వేషము మార్చుకొని వడ్డనకు వచ్చుచున్నదని ఆయన కనుమానము కలిగెను. అడుగగా ఆమె కాదనెను. అంతట హెవెషీ ఒకపూట తన కంచములో మిగిలిన దానిపై రేడియోధార్మిక పదార్థమును రవ్వంత చల్లి లేచెను. తరువాత వచ్చిన వంటకమును ఎలెక్ట్రోస్కోపు అను సాధనముతో పరీక్షింపగా పాత కూర పట్టుబడినది. హెవెషీ స్వయముగా చెప్పుకొన్న కథయే ఇది. పూటకూళ్ళమ్మ పక్షమున ఒక్క మాట చెప్పవలెను: మిగిలిన దానిని పారవేయక వాడుకొనుట ఏ గృహిణికిని తప్పు కాదు, మన చద్దన్నము సంగతి యెవరెరుగరు! తాజాదని చెప్పి పెట్టుటయే తప్పు. ఇక తిండిలో అట్టి వస్తువును కలుపుట నేడు ఎవ్వరును చేయరాని పని.

ఆ చిలిపిపనిలో నున్న యుక్తి గొప్పది. వస్తువునకు ఎవరికిని కనబడని గుర్తు పెట్టిన, అది ఎంత రూపము మార్చినను, ఎచ్చట దాగినను, ఆ గుర్తు చేత దొరకును. 1923లో హెవెషీ గుర్తుగల సీసమును నీటిలో కలిపి చిక్కుడుజాతి మొక్క కిచ్చి, ఆ సీసము చాలవరకు వేళ్ళయందే నిలిచిపోవుననియు, పైకి ఎక్కునది స్వల్పమనియు కనుగొనెను. నేలలోని విషము పైరులోనికి ఎంత వచ్చును అను ప్రశ్నకు ఈ మార్గమున దొరకిన మొదటి సమాధాన మిది. 1943 సంవత్సరపు నోబెల్ బహుమాన మాయనకు ఈ పద్ధతికే లభించినది.

గుర్తు అంటిని గదా. అది యేమనగా ఐసోటోపు. ఒకే మూలపదార్థపు పరమాణువులు కొన్ని తేలికగను కొన్ని బరువుగను ఉండును. గుణములో దాదాపు ఒకటియే, తూకములో మాత్రము భేదము. బొగ్గు, చక్కెర, వరిగింజ, మన శరీరము అన్నిటియందు నున్న కర్బనమును తీసికొనుడు. నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు కర్బనము 12. సుమారొక పాలు కర్బనము 13, ఇది కొంచెము బరువు. ఈ రెండును స్థిరములు, వీనివలన ఏ కిరణములును రావు. మూడవది కర్బనము 14. ప్రకృతిలో ఇది అత్యల్పము. కిరణములు వెలువరించుచు తాను తరుగుచుండును. సగము తరుగుటకు సుమారు 5,730 ఏండ్లు పట్టును. 1940లో అమెరికాలోని బర్క్లీ నగరమున మార్టిన్ కామెన్, సామ్ రూబెన్ అనువారు దీనిని కనుగొనిరి.

మందు అణువులో కర్బనము 14ను కూర్చినచో, ఆ మందు ఎన్ని ముక్కలైనను ఆ ముక్క తన యునికిని తానే చెప్పుకొనును. ఐక్యరాజ్యసమితికి చెందిన ఆహార వ్యవసాయ సంస్థయు, అంతర్జాతీయ అణుశక్తి సంస్థయు 1964లో ఉమ్మడిగ ఒక విభాగము నేర్పరచి, ఉష్ణదేశములలో ఇట్టి పరిశోధనలకు తోడ్పడినవి. ఢిల్లీ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1980 దశకములో గుర్తుగల డి.డి.టి.ని మట్టిలో కలిపి, మాసముల తరబడి లెక్క చూచిరి. చలిదేశములలో ఏండ్లకేండ్లు నిలుచు డి.డి.టి. మన యెండలకు చాల త్వరగ మాయమైనది. ఇది విని సంతోషింపబోవునంతలో రెండవ సంగతి తేలినది. మాయమైన దానిలో చాలభాగము నశింపలేదు. ఆవిరియై గాలిలోని కెక్కినది. మరికొంత మట్టికణములను గట్టిగ కరచుకొనియున్నది. సాధారణ పరీక్షలో మట్టినుండి మందును కరగించి తీయుటకు వాడు ద్రావకములకు ఈ భాగము లొంగదు. కావున యంత్రము దానిని ‘లేదు’ అని వ్రాయును. దీనికి బద్ధావశేషమని పేరు. ఇది అట్లే నిద్రించునా, లేక మరుసటి పైరుల వేళ్ళు తాకినప్పుడు కొంచెము కొంచెముగ విడివడునా అను విషయమున పండితులలో నేటికిని వాదము కలదు. పొలములలో డి.డి.టి. వాడుకను మన దేశమున 1989లో మాన్పించిరి; బి.హెచ్.సి.ని 1997లోను, ఎండోసల్ఫానును సుప్రీము కోర్టు వారి యాజ్ఞచే 2011లోను నిషేధించిరి. మందుల పేర్లు మారినవి గాని, ఆవిరి యగుటయు మట్టిని కరచుటయు క్రొత్తమందులకును కొంచెము హెచ్చుతగ్గులుగ ఉండునవే.

కర్బనము 14 పద్ధతికి ఒక అడ్డు కలదు. కిరణములు వెలువరించు వస్తువును ఒక రైతు చేలో చల్లుటకు వీలులేదు. పరిశోధనాలయములోను, నేలలో పాతిన గొట్టములలోను మాత్రమే ఆ పని సాగును. మన సోదరి తెచ్చుకొన్న మిరపకాయలపై కొట్టిన మందునకు ఎవరును గుర్తు పెట్టలేదు. అట్టి మందు జాడను ఎట్లు తీయుట?

ఇచ్చటనే రెండవ ఉపాయము వచ్చినది. ఇది నాకు మొదటిదానికన్న ముచ్చటగ తోచును, ఏలయన ఇందులో క్రొత్తగ ఏమియు కలుపరు. ప్రకృతి పెట్టిన గుర్తునే చదువుదురు. తిరుగలిలో కందులు విసరునప్పుడు చూచియుందురు. బాగుగ ఎండిన గింజలు ముందు పగులును. పచ్చి విడువని గింజలు పగులక వెలుపలికి వచ్చును. చేటలో పగులక మిగిలిన కందులలో పచ్చిగింజల పాలు మొదటికన్న హెచ్చియున్నచో, విసరుట జరిగినదని తెలియును. పొరుగింటివారు ఒక సోలెడు కందులు చేబదులుగ తీసికొనిపోయి రనుకొనుడు. రాశి తగ్గును, పచ్చిగింజల పాలు మాత్రము మారదు.

మందు అణువులలో తేలిక కర్బనము ఎండుగింజవంటిది, బరువు కర్బనము పచ్చిగింజవంటిది. ఎండయో సూక్ష్మజీవులో అణువును విరుచునప్పుడు తేలిక కర్బనమున్న బంధము కొంచెము ముందుగ తెగును. కాబట్టి విరుగక మిగిలిన మందులో కర్బనము 13 పాలు రవ్వంత పెరుగును. వానకు కొట్టుకొనిపోయినచో మారదు; ఆవిరియై పోయినను మార్పు అత్యల్పము. ఈ పెరుగుదల వేయింటికి కొన్ని పాళ్ళు మాత్రమే. అయినను నేటి యంత్రములు దానిని పట్టును. కర్బనముతోపాటు క్లోరినునకును, నత్రజనికిని ఇట్లే బరువు తేలిక రూపములు కలవు గనుక, రెండు మూడు సాక్ష్యములను కలిపి చూచినచో తీర్పు మరింత గట్టిపడును. ఒకే పేరుగల మందు రెండు కర్మాగారములలో వేర్వేరు ముడిసరకులతో తయారైనచో, కొన్నియెడల వాని పాళ్ళలో భేదముండి, చెరువులో పడిన మందు ఎవరిదో చెప్పుటకు పనికివచ్చును.

ఇది అంజనము కాదు. పరీక్షకు అవశేషము కొంత హెచ్చుగనే దొరకవలెను. కాయలో మిల్లిగ్రాములో వందవవంతే యున్నచో పని కష్టము. ఇంతవరకు ఈ పద్ధతి కర్మాగారముల చెంత పాడైన భూగర్భజలముల విషయమునను, బి.హెచ్.సి. చెత్త పారబోసిన దిబ్బల విషయమునను హెచ్చుగ ఉపయోగపడినది. రైతుల పొలములలో ఇప్పుడిప్పుడే అడుగిడుచున్నది. మార్కాపురపు కల్లమునుండి దోసెడు కాయలు మూటగట్టి పంపి ఈ పరీక్ష చేయించుకొను వీలు నేడు సామాన్య గృహిణికి లేదు.

ఈ కర్బనపు పాళ్ళనుగూర్చి ఒక వినోదము చెప్పెదను. జొన్న, సజ్జ, కొర్ర, రాగి వీనిలో బరువు కర్బనము వరిలోకన్న కొంచెము హెచ్చు. గాలినుండి కర్బనమును తీసికొను మార్గము ఆ పైరులకు వేరు. కావున సజ్జరొట్టెతో పెరిగిన వారి తలవెండ్రుకకును, వరియన్నముతో పెరిగిన వారి వెండ్రుకకును యంత్రములో తేడా కనబడును. మన అమ్మమ్మల వెండ్రుకకును మన వెండ్రుకకును ఎంత భేదముండునో గదా!

“సేంద్రియ” మని యెక్కువ వెలకు అమ్ము సరకులను పరీక్షించుటకు నత్రజని 15ను వాడుదురు. కర్మాగారపు ఎరువులోని నత్రజని గాలినుండి తీసినది, తేలిక. పెంటయెరువులోని తేలికభాగము కుళ్ళునప్పుడు ఆవిరియై పోవుటచే మిగిలినది బరువు. పైరు దేనిని తినెనో కాయ చెప్పును. కాని కంది, శనగలకు ఈ పరీక్ష పనికిరాదు. ఆ మొక్కలు తమ వేళ్ళబుడిపెల సాయమున గాలినుండియే నత్రజనిని తీసికొనును గనుక, ఏ యెరువు వేసినను వాని సాక్ష్యము కర్మాగారపు ఎరువు పక్షముననే యున్నట్లు తోచును. పశ్చిమ ప్రకాశములో నిజాయితీగ పెంట తోలి కంది పండించిన రైతును ఈ యొక్క పరీక్షతో తప్పుపట్టరాదు.

కంటికి కనబడని విషము ఆ సీమవారికి క్రొత్తది కాదు. నీటిలోని ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోవు జబ్బును 1937లో షార్టు మొదలగు వైద్యులు నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి వర్ణించిరి. పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు నాడు ఆ జిల్లాలోనివే. రంగు, రుచి, వాసన లేని నీరు త్రాగి పండ్లు గారపట్టినవారిని మార్కాపురపు పల్లెలలో నేటికిని చూడవచ్చును. ఫ్లోరైడు రాతినుండి వచ్చినది, మందు మనుజుడు చల్లినది. అయినను “కనబడలేదు గనుక లేదు” అను మాటను ఆ ప్రాంతపు తల్లుల యెదుట ఎవ్వరును చెప్పజాలరు.

ఇక సోదరికి ఇంటిమట్టునకు పనికివచ్చు సంగతులు. పదునైదు దినములను లెక్క అన్ని మందులకు చెల్లదు. కడపటిసారి మందు కొట్టిన పిదప కోతకు ఎన్నిదినములు ఆగవలెనో డబ్బామీద అచ్చువేసియుండును, అది మందు మందునకు వేరు. మిరప ఒక్కమారు కోసి ముగించు పంట కాదు. మూడు నాలుగు కోతలుండును, కోతకు కోతకు నడుమ మందు పడును. మూడు నాలుగు కిలోల పండుమిరప ఎండిన ఒక కిలో యగును గనుక, ఎండలో ఆవిరికాక నిలిచిన మందు ఎండుకాయలో చిక్కబడును. పచ్చికూరలను ధారగ పడు నీటిలో రుద్ది కడిగినచో పైనంటిన మందు కొంత పోవును. ఇమిడాక్లోప్రిడు వంటివి మొక్క రసములోనికి చేరునవి గనుక కడుగుటచే పోవు. ఉప్పునీటికిని చింతపండు నీటికిని లేని మహిమను అంటగట్టవలదు.

కాయ తినువారికన్న కాయ కోయువారికి అపాయము హెచ్చు. మిరపకోతకు పోవువారు చాలవరకు స్త్రీలే. మందు కొట్టిన చేలో మరునాడే కోతకు దింపిన, ఆకులనున్నది చేతులకును చీరకును అంటును. ఆ చేతులతోనే చద్ది తిందురు, ఆ చీరతోనే చంటిబిడ్డ నెత్తుకొందురు. పొడవు చేతుల చొక్కా తొడుగుకొనుట, తినుటకుముందు సబ్బుతో కడుగుకొనుట, బిడ్డకు పాలిచ్చుటకుముందు చీర మార్చుట ఖర్చులేని పనులు. మందు కొట్టినవాని బట్టలను వేరుగ ఉతుకవలెను, చెరువులో కాదు. డబ్బాపై త్రిభుజము ఎరుపైన మిక్కిలి తీవ్రమైన విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగ తగ్గును. ఖాళీ డబ్బాలో కిరసనాయిలుగాని, విత్తనములుగాని పోసి యుంచుట మాత్రము ఎట్టి యింటను జరుగరాదు.

మందును పూర్తిగ మానిన గ్రామములు లేకపోలేదు. నాటి ఖమ్మము జిల్లాలోని పునుకుల ప్రత్తి పండించు పల్లె. అచ్చటివారు 2004 నాటికి పురుగుమందులు విడిచిరి. వేపగింజల కషాయము, పచ్చిమిరప వెల్లుల్లి కషాయము, రెక్కలపురుగులను పట్టు బుట్టలు వారి సాధనములు. అప్పులును ఆసుపత్రి ఖర్చులును లెక్క చూచి మగవారిని ఒప్పించుటలో ఆ యూరి మహిళాసంఘముల వారు ముందు నిలిచిరి. తరువాతి యేండ్లలో ప్రభుత్వమువారు ఈ పద్ధతిని మహిళాసంఘముల ద్వారానే రాష్ట్రమందు లక్షల ఎకరములకు వ్యాపింపజేసిరి. నల్లతామర పురుగు వంటి దాడికి కషాయములు ఎంతమట్టుకు నిలుచునో ఆయా చేను, ఆయా యేడు చెప్పవలసిన మాట. కాని కొట్టుడు సంఖ్య సగమునకు తగ్గినను కల్లములోని కాయకును, కోయు చేతికిని తేడా పడును.

సంవత్సరమునకు సరిపడు కాయ ఒక్కచోటనే కొను నాలుగైదిండ్లవారు కలిసి, పంటకు ముందే ఒక రైతుతో మాట్లాడుకొనుట మేలు. మార్కాపురము పలకలకు పేరుపడిన ఊరు. ఆ పలక నొకదానిని కల్లము పందిరికి కట్టించి, మందు కొట్టిన తేది, మందు పేరు, కోత తేది అని మూడు గళ్ళు గీయించుడు. చదువు వచ్చిన ఆడపిల్ల ఒకతె ఇంటనున్నచో వ్రాయుటకు ఆమె చాలును. కడపటి కొట్టుడునకును కోతకును నడుమ డబ్బా చెప్పిన దినములు గడచిన కాయను వేరు గోతమున పోయించి, కారమునకు దానినే కొనవలెను.